బంగారు పూత కింద

"ఎంతసేపు తోమావమ్మా?"

క్రిస్టీ మూడోసారి అడిగింది. మణి చేతులు కొంగుకి తుడుచుకుంది.

వంటింటి బల్ల మీద పాత పేపర్లు పరిచి ఉన్నాయి. వాటి మీద పక్కింటి ఏంజెలా గారి మరియమ్మ పటం వెల్లకిలా ఉంది. పటమంటే కాగితమూ కాదు, గుడ్డా కాదు. రెండంగుళాల మందం చెక్క. తల్లి, ఆమె ఒళ్లో బిడ్డ, వాళ్ల వెనకంతా బంగారం. ఇప్పుడా బంగారం తల్లి ఎడమ భుజం పైన అరచెయ్యంత మేర లేదు.

పక్కన స్టీలు గిన్నెలో చింతపండు గుజ్జు, అందులో ఉప్పు. గిన్నె అంచున పెట్టిన స్పాంజి ముక్క మీద సన్నగా మెరుపు.

"కొంచెమేనే," అంది మణి చివరికి. "నల్లగా ఉందని."

"నాలుగొందల ఏళ్ల నించి నల్లగానే ఉందమ్మా అది. నిన్ను తోమమని ఎవరడిగారు?"

"ఇత్తడి రేకనుకున్నాను."

క్రిస్టీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఇత్తడి రేకనుకోవడంలో మణి తప్పేమీ లేదు. నరసాపురం లూథరన్ గుళ్లో ఇరవై ఏళ్లకు పైగా శనివారం సాయంత్రాలు ఆమెవే. బల్ల మీది ఇత్తడి సిలువ, కొవ్వొత్తుల స్తంభాలు, కానుకల పళ్లెం చింతపండుతో తోమి, పొడిగుడ్డతో తుడిచి ఆదివారం ఆరాధనకు సిద్ధం చేసేది. భర్త పోయిన ఏడు పాస్టరమ్మ గారు అప్పగించిన పని అది. మసి పట్టిన సిలువ ముందు మనుషులు మోకరించడం ఆమె ఒక్క ఆదివారం కూడా జరగనివ్వలేదు. కూతురి దగ్గరికి, అమెరికాలోని ఈ పిస్కాటవేకి, వచ్చాక ఆ చేతులకు శనివారం పని లేకుండా పోయింది.

ఈ రోజు శనివారం. ఆరు వారాలు ఆసుపత్రిలో ఉన్న ఏంజెలా సాయంత్రం నాలుగింటికి ఇంటికి వస్తోంది. ఆమె కళ్లకు ఆ తల్లి తళతళలాడుతూ కనిపించాలనుకుంది మణి. అంతే.

ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడ్డ అల్లుడు ఆనందబాబు కాఫీ కప్పు కింద పెట్టాడు.

"నేను మొదటి రోజే చెప్పాను. మనం ప్రొటెస్టెంట్లం, మరియమ్మ పటం మనింట్లో ఎందుకు, గరాజ్‌లో పెట్టండి అన్నాను."

"గరాజ్‌లో పెడితే చలికి చెక్క పగులుద్దని కింద అద్దెకున్న దేదీప్య చెప్పింది కదండీ," అంది క్రిస్టీ.

"అవును. అందుకని వంటింట్లో పెట్టి పులుసు పెట్టారు."

క్రిస్టీ భర్త వైపు చూసిన చూపుకి అతను మళ్లీ కాఫీ కప్పు అందుకున్నాడు.

ఈ ఆరు వారాల్లో అతనా పటాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఇంట్లో ప్రార్థన కూడిక ఉన్న రోజుల్లో దాన్ని గోడవైపు తిప్పి పెట్టించేవాడు. తిప్పడం కూడా మణి చేతే.

"బాబూ," అంది మణి. అల్లుడితో నేరుగా మాట్లాడటం ఆమెకు అరుదు. "బంగారం ఊడిందని కాదు నేను ఆపింది. దాని కింద ఏదో రాసుంది."

ఇద్దరూ బల్ల మీదికి వంగారు.

బంగారం పోయిన చోట ఎర్రమట్టి రంగు. ఆ ఎరుపు పలచబడిన చోట సున్నంలాంటి తెల్లటి పూత. ఆ తెలుపు మీద సన్నటి నల్లటి గీతలు. వంకర్లు తిరుగుతూ, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తున్నట్టు.

మణికి ఆ భాష రాదు. కానీ నలభై నాలుగో ఏట గుడి వెనక రాత్రి బడిలో పలక పట్టుకున్నది ఆమె. అప్పటినించీ అక్షరం ఎక్కడ కనిపించినా ఆమె చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. పొట్లం కాగితం మీద కనిపించినా అంతే. ఉదయం కూడా అలాగే ఆగింది. ఆగకపోతే ఈపాటికి పటం మొత్తం తోమేసి ఉండేది.

"దేదీప్యని పిలు," అన్నాడు ఆనందబాబు. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతు కిందికి దిగింది.

*

దేదీప్య బేస్‌మెంట్‌లో అద్దెకుంటోంది. వరంగల్ అమ్మాయి. అందరిలా కంప్యూటర్స్ చదవకుండా మ్యూజియం చదువుకి వచ్చింది. వాళ్ల నాన్న ఇప్పటికీ దగ్గరివాళ్లతో 'డేటాబేసులు' అనే చెప్తాడట.

పైకి వచ్చి పటాన్ని చూసి ఆ పిల్ల కేక వెయ్యలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ముఖం పటానికి జానెడు దూరం దాకా వంచి, చాలాసేపు ఊపిరి కూడా తీసుకోనట్టు నిలబడింది.

"ఆంటీ, నీళ్లు తగిలినయా?"

"చింతపండు, ఉప్పు, కాసిని నీళ్లు."

"ముఖం మీద?"

"ముఖం జోలికి పోలేదమ్మా. ముఖం నేనెందుకు తోముతాను?"

దేదీప్య ఊపిరి వదిలింది. కిందికి పరిగెత్తి భూతద్దం, ఇటాలియన్ నిఘంటువు తెచ్చింది. రెండు సెమిస్టర్ల ఇటాలియన్ ఆమెది. ఒక్కో మాట దగ్గర పేజీలు తిరగేసి, ముందు కాగితం మీద రాసుకుంది. రాసుకున్నదాన్ని మళ్లీ కొట్టేసి రాసింది. గడియారం రెండుంబావు చూపిస్తోంది.

"చదవనా అక్కా?"

క్రిస్టీ తల ఊపింది.

"'లియోపోల్దో అనే నేను దీన్ని చేసిన. పద్దెనిమిది వందల ఎనభై ఏడు, మార్చి. ముఖం నా అసుంతాది. ఇది అమ్మేది కాదు. మిగతా పదకొండూ...'" దేదీప్య ఆగింది. "అంతే. తర్వాత మాటలు బంగారం కిందికి పోయినయి."

క్రిస్టీ ఆ కాగితం అందుకుని చూసింది.

లియోపోల్దో ఎవరో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మణికి మరీ బాగా తెలుసు. వేసవి సాయంత్రాలు వరండాలో బీన్స్ ఒలుస్తూ ఏంజెలా చెప్పే కథలన్నీ తన ముత్తాత లియోపోల్దో కథలే. మణిది వచ్చీరాని ఇంగ్లీషు. అయినా కథలు అర్థం కావడానికి ఆమెకు ఆ మాత్రం చాలింది.

ఇటలీలో సియేనా అనే ఊళ్లో అతనిదో కొట్టు. ముందు గదిలో పాతసామాన్లు, వెనక గదిలో రంగులు. చిత్రకారుడే, చెయ్యి మంచిదే, కానీ అతని బొమ్మలు ఎవరూ కొనలేదు. జనానికి పాతవి కావాలి. ఆ రోజుల్లో మఠాలు మూతపడుతున్నాయి. లియోపోల్దో గాడిదబండి కట్టుకుని కొండల వెంట తిరిగి విరిగిన భోషాణాలు, పురుగు తిన్న తలుపులు, మసిబారిన పటాలు తెచ్చేవాడు. గుడ్డు సొనలో రంగు నూరి, ఊడిన వేలికి వేలు, చెదిరిన కంటికి కన్ను పెట్టేవాడు. ఎక్కడ పాతది ఆగిందో, ఎక్కడ కొత్తది మొదలైందో అతనికి తప్ప ఎవరికీ తెలిసేది కాదట.

ఈ తల్లిని మాత్రం ఒక మఠంలో బూడిద పోసే గదిలోనించి తెచ్చానని, అమ్మడానికి మనసు రాలేదని అతను చెప్పుకునేవాడట. కూతురు రోజా పంతొమ్మిది వందల పన్నెండులో అమెరికాకి ఓడెక్కేటప్పుడు దీన్ని పరుపు చుట్టలో తెచ్చింది. ఆ రోజా ఏంజెలాకి అమ్మమ్మ.

"అంటే," అంది క్రిస్టీ మెల్లగా, "ఇది పాతది కాదు. ఆయనే చేశాడు."

"ఆయనే చేసిండు," అంది దేదీప్య. "గట్లనే ఇంకో పదకొండు."

"అయితే ఆ న్యూయార్క్ అతను చెప్పింది నిజమేనా?"

ఆరు వారాల కింద న్యూయార్క్ నించి వచ్చిన పాతసామాన్ల వ్యాపారి సరిగ్గా ఆ మాటే అన్నాడు. మీ ముత్తాత పాతవి అమ్మడమే కాదు, పాతవి తయారుచేసేవాడు కూడా అన్నాడు. ఏంజెలా అతన్ని గుమ్మం దాకా తరిమింది. ఆ గుమ్మం మెట్టు మీదే పడి తుంటి విరగ్గొట్టుకుంది. అంబులెన్స్ ఎక్కిస్తుంటే మణి చెయ్యి పట్టుకుని ఒక్కటే చెప్పింది. ఇల్లు ఖాళీగా ఉంటుంది, నా తల్లిని నీ దగ్గర ఉంచు అని.

"ఇది అతికించడం కుదురుద్దా?" అని అడిగాడు ఆనందబాబు.

దేదీప్య ఊడిన అంచు మీదికి వంగింది. "కుదురుతది అన్నా. బంగారు రేకు దొరుకుతది. ఎర్రమట్టి పూసి, రేకు అంటించి, పాతగా కనిపించేటట్టు కొంచెం రుద్దుతరు. మా ల్యాబ్‌ల చేసేటోళ్లున్నరు. ఏంజెలా చూపుకి అసలే తెల్వదు."

"అయితే అదే చేద్దాం," అంది క్రిస్టీ. "ఆవిడ వచ్చాక రెండు వారాలు ఏదో ఒకటి చెప్పి దేదీప్య ల్యాబ్‌లో ఉంచుదాం."

"అబద్ధం చెప్తావా?" అంది మణి.

"అబద్ధం కాదమ్మా. ఆవిడ ఆ మాటకే తుంటి విరగ్గొట్టుకుంది. ఇప్పుడు ముత్తాత చేతిరాతతోనే చూపిస్తే ఏమవుద్ది? ఆవిడకి మిగిలింది ఆ ఒక్క గొప్పే."

"తోమింది నేను."

"అందుకే దాచేద్దాం అంటున్నా. రేపు ఆవిడ నీ మొహం చూడకపోతే? ఈ ఊళ్లో నీకున్నది ఆవిడొక్కతే కదమ్మా."

అది నిజం. ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం, భాష రాక, బయటికి పోలేక కిటికీ దగ్గర కూర్చుని ఉంటే, మంచులో నడిచొచ్చి తలుపు కొట్టి రొట్టె చేతిలో పెట్టిన మనిషి ఏంజెలా.

మణి పటం వైపు చూసింది. రోజూ చూసిన ముఖమే. కానీ ఇప్పుడది పేరున్న ముఖం. అసుంతా. కొంచెం పొడుగు ముక్కు, బరువైన కనురెప్పలు, నిద్ర చాలని బాలింత ముఖం. నూటఇరవై రెండేళ్ల కింద ఒక మగాడు వెనక గదిలో కూర్చుని గుడ్డు సొనతో ఆ రెప్పలు దిద్దాడు. పేరు రాశాడు. రాసినదాని మీద మన్ను పూశాడు, మన్ను మీద బంగారం పరిచాడు, బంగారానికి పొగ పట్టించాడు. అదంతా ఇక్కడికి, ఈ వంటింటి బల్ల మీదికి వచ్చి, నరసాపురం చింతపండుకి తెరుచుకుంది. మణికి ఒళ్లు జలదరించింది. గుళ్లో ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకునేటప్పుడు ఉండే జలదరింపు అది.

"గిన్నె తీసెయ్యమ్మా," అంది క్రిస్టీ.

"ఉండనీ," అంది మణి.

బయట వ్యాన్ ఆగిన చప్పుడైంది. నాలుగింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

*

ఏంజెలా తన ఇంటికి పోనని వ్యాన్‌లోనే చెప్పిందట. వాకర్ నేరుగా వీళ్ల వాకిట్లోకి తిరిగింది. ఆనందబాబు ఎదురెళ్లి మోచెయ్యి పట్టుకున్నాడు.

"సన్నబడ్డావు బాబూ," అందామె. "ఈవిడ పప్పు పెట్టడం మానేసిందా?"

మనిషి సగమైంది. తెల్లటి జుట్టు నున్నగా దువ్వుకుంది, పెదవులకు రంగు కూడా వేసుకుంది. ఎనభై నాలుగేళ్లు.

"నా తల్లి ఎక్కడ?"

మణి గుమ్మంలో అడ్డంగా నిలబడింది. క్రిస్టీ ఆమె కొంగు వెనకనించి లాగింది. మణి కదల్లేదు.

"ఏంజెలా, నేను తప్పు చేశాను," అంది తనకు వచ్చిన ఇంగ్లీషులో. "తోమాను. ఈ చేతితో. బంగారం పోయింది."

ఏంజెలా వాకర్ ముందుకు జరిపింది. మణి తప్పుకుంది.

బల్ల దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె కళ్లజోడు పెట్టుకుంది. తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. దేదీప్య భూతద్దం అందించి చదవబోయింది.

"నేను చదవగలను," అంది ఏంజెలా. "అది మా ఇంటి భాష."

ఆమె పెదవులు కదిలాయి. ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటినించి. రెండోసారి అసుంతా దగ్గర ఆగింది. అక్కడినించి ముందుకు పోలేదు.

ఎవరితోనో తెలియకుండా మాట్లాడింది.

"మా అమ్మమ్మ రోజాకి రెండేళ్లప్పుడు వాళ్లమ్మ అసుంతా పోయింది. ఫోటో లేదు. మా అమ్మ ఎలా ఉండేదో నాకు తెలియదని ఆవిడ చచ్చిపోయేదాకా ఏడ్చింది. డెబ్బై అయిదేళ్ల ముసలిది, చిన్నపిల్లలా ఏడ్చేది." ఏంజెలా వేలు పటం ముఖం పైన, తగలకుండా, గాలిలో ఆగింది. "రోజూ పొద్దున్నా సాయంత్రం దీని ముందు మోకాళ్ల మీద కూర్చునేది. మా అమ్మని నీ దగ్గర చల్లగా చూసుకో తల్లీ అని అడిగేది. నేను పక్కనే ఉండేదాన్ని."

క్రిస్టీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆనందబాబు ఎప్పుడు చెప్పులు విడిచాడో ఎవరూ చూడలేదు. పటానికి రెండడుగుల దూరంలో ఒట్టి కాళ్లతో నిలబడి ఉన్నాడు.

"అడుగుతున్నది ఎవరినో ఆవిడకి తెలియదు," అంది ఏంజెలా. "ఆ వింటున్నది తన అమ్మేనని తెలియదు. మా ముత్తాతకి తెలుసు. ఓడ ఎక్కించడానికి రేవు దాకా వచ్చాడట. పరుపులో చుట్టింది ఆయనేనట. అప్పుడైనా చెప్పలేదు."

"చెప్తే మిగతా పదకొండు బయటపడేవి," అన్నాడు ఆనందబాబు. అన్నాక నాలుక్కరుచుకున్నాడు.

"అవును." ఏంజెలా తల ఊపింది. ఆమె ముఖంలో అందరూ భయపడ్డ బాధ లేదు. వేరే ఏదో ఉంది, పాతది, గట్టిది. "ఆ న్యూయార్క్ వాడు దొంగ అన్నాడు. నేను కాదన్నాను. దొంగే అనుకోండి. కానీ దొంగ ఇలా చెయ్యగలడా, చూడండి. ఆ రెప్పలు చూడండి."

అందరూ చూశారు. కిటికీలోనించి సాయంత్రపు ఎండ పటం మీద పడింది. మిగిలిన బంగారం ఒక్కసారిగా వెలిగి, ఆ అలసిన ముఖం ముందుకు వచ్చినట్టయింది.

ఏంజెలా చూపు మెల్లగా ఆఖరి వరస మీదికి జారింది.

"మిగతా పదకొండూ," అని చదివింది. "తర్వాత?"

"తర్వాతది బంగారం కింద ఉంది," అంది దేదీప్య. "సోమవారం మా ప్రొఫెసర్ వస్తారు. మెషిన్‌తో చూడొచ్చు. గ్యారంటీ లేదు, బంగారం అడ్డం వస్తుంది. కానీ ప్రయత్నిద్దాం. ఇంకో చుక్క నీళ్లు తగిలితే ఆ సిరా కూడా పోవచ్చు. ప్లీజ్."

"ఎనభై నాలుగేళ్లదాన్ని పట్టుకుని సోమవారం దాకా ఆగమంటున్నావు."

ఆమె చేత్తో స్టీలు గిన్నెను బల్ల మీద లాగింది. గిన్నె గీసుకుంటూ మణి ముందుకు వచ్చి ఆగింది.

"తోము."

"ఏంజెలా."

"నా చెయ్యి వణుకుతుంది. నీ చెయ్యి వణకదు. అక్షరం కనిపిస్తే ఆగుతుంది కూడా. క్షమించమని రాశాడో, గర్వంగా రాశాడో, ఎవరికి అమ్మాడో రాశాడో, నాకు తెలియాలి. మా అమ్మమ్మకి చెప్పనిది నాకైనా చెప్పాలి అతను."

మణి గిన్నెలోకి చూసింది. ఉదయం ఏమీ తెలియక ముంచిన చెయ్యి. అప్పుడు తోమింది ఇత్తడి. ఇప్పుడు అది ఒక మనిషి నోరు.

"రాసిందీ ఆయనే," అంది. ఇంగ్లీషు మాటలు వెతుక్కుంటూ, ఒక్కొక్కటే పెడుతూ. "కప్పిందీ ఆయనే."

"కప్పేవాడు రాయడం ఎందుకు?"

మణి క్రిస్టీ వైపు చూసింది, క్రిస్టీ పటం వైపు చూస్తోంది. అల్లుడు కళ్లు మూసుకుని ఉన్నాడు.

ఏంజెలా ఇంక ఆగలేదు. చూపుడువేలు చింతపండు గుజ్జులో ముంచింది. వణుకుతున్న ఆ వేలు బల్ల మీదుగా వెళ్లి, ఆఖరి అక్షరం పక్కన, బంగారం అంచు మీద ఆనింది. తడి చుక్క ఒకటి నల్లటి గీత వైపు పాకడం మొదలుపెట్టింది.

మణి ఆ మణికట్టు పట్టుకుంది.

"వదులు," అంది ఏంజెలా.